ముసురులో నిలబడే వై-ఫై కావాలి: గోదావరి డెల్టా పట్టణాల పురపాలక సంఘాలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టా పట్టణాల మునిసిపల్ కమిషనర్లకు, ఇంజనీరింగు విభాగాల వారికి, పాలకవర్గాల పెద్దలకు,

అయ్యా, అమ్మా,

రాజమహేంద్రవరం కోటగుమ్మం, భీమవరం ప్రకాశం చౌక్, అమలాపురం గడియార స్తంభం, కాకినాడ భానుగుడి లాంటి సెంటర్లలో సోలార్‌తో నడిచే ఉచిత వై-ఫై పెట్టాలనే మాట వింటూనే ఉన్నాం. 2027 పుష్కరాలు దగ్గరపడేకొద్దీ ఈ మాట ఇంకా గట్టిగా వినబడుతుంది. మేము సోలార్ బిగింపు, నెట్‌వర్కు పనుల్లో ఉన్నవాళ్ళం. ఆలోచన మంచిదే. టెండరు కాగితం ఎలా రాస్తారన్న దగ్గరే మా బెంగంతా. ‘ఇన్ని స్తంభాలు, ఒక్కోదానికి ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ’ అని రాస్తే మార్చిలో రిబ్బను కత్తిరించిన స్తంభం ఆగస్టుకు మూగబోతుంది. అందుకే ఈ లేఖ.

మొదట కరెంటు లెక్క చూడండి. సెంటరులో పెట్టే వై-ఫై పరికరం సుమారు 10 వాట్లు తీసుకుంటుంది. ఫైబర్ తీగ చివర ఉండే ఓఎన్‌టీ పెట్టె 8 వాట్లు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే ఛార్జిని అదుపు చేసే ఛార్జి కంట్రోలరు, వోల్టేజి మార్పిడి కలిసి మరో 4 తింటాయి. మొత్తం 22 వాట్లు. రాత్రింబగళ్ళు నడిపితే రోజుకు 528 వాట్-గంటలు, నెలకు 16 యూనిట్లు కూడా కావు. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా నెలకు 160 రూపాయలు. ఆ బిల్లు మిగుల్చుకోవడానికి ప్యానెలూ బ్యాటరీ కొనడం శుద్ధ దండగ. ఆరేడేళ్ళకో పదేళ్ళకో మార్చాల్సిన బ్యాటరీ ఖరీదు ముందు ఆ ఆదా కనబడదు. ‘సోలార్ పెడితే ఖర్చు ఉండదు’ అని ఎవరైనా చెబితే ఈ ఒక్క లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

మరి సోలార్ ఎందుకు? కరెంటు లేని రోజుల కోసం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తుపానును ఈ నేల మరచిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. పడిన స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగి, ట్రాన్స్‌ఫార్మర్లు సరిచేసి కరెంటు ఇచ్చేలోపు సెల్ టవర్ల బ్యాటరీలు దిగిపోతాయి. డీజిలు చేరని చోట టవరూ ఆగిపోతుంది. కువైట్‌లో పనిచేస్తున్న తల్లికి ‘మేము క్షేమం’ అని మెసేజి పెట్టాలన్నా, చెరువు గట్టు తెగిన రొయ్యల రైతు నష్టం ఫోటోలు పంపాలన్నా, వార్డు సచివాలయం వాళ్ళు పునరావాస కేంద్రంలో పేర్లు ఎక్కించాలన్నా ఆ మూడు నాలుగు రోజులే కీలకం. మిగతా రోజుల్లో ఈ వై-ఫై రోజువారీ డేటా అయిపోయిన విద్యార్థికో, బస్సు కోసం కూర్చున్న కూలీకో పనికొస్తుంది. అది అదనపు లాభం. ఫోన్లలో డేటా చవకైన ఈ కాలంలో కేవలం దానికోసమే ఇంత ఖర్చు చేయమని మేము చెప్పలేం.

కాబట్టి మీ టెండరు అడగాల్సిన మొదటి ప్రశ్న: సూర్యుడు కనబడని రోజుల్లో ఎన్ని గంటలు నడుస్తుంది?

మామూలుగా అమ్మకానికి వచ్చే ‘సోలార్ వై-ఫై స్తంభం’లో 165 వాట్ల ప్యానెల్, 12.8 వోల్టుల 40 యాంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఉంటాయి అనుకుందాం. ఏప్రిల్‌లో మన దగ్గర పడే ఎండ రోజుకు ఆరు గంటల నిండు ఎండకు దగ్గరగా ఉంటుంది. వేడికి, దుమ్ముకు, మార్పిడి నష్టాలకు మూడో వంతు తీసేసి 0.65తో గుణిస్తే 643 వాట్-గంటలు వస్తాయి. అవసరం 528. హాయిగా నడుస్తుంది, డెమోలో అందరూ చప్పట్లు కొడతారు. ఆగస్టులో ఎండను నాలుగు గంటలుగా పట్టుకోవాలి. అదే ప్యానెల్ 429 ఇస్తుంది. అంటే రోజూ వంద లోటు. ఇక ముసురు పట్టిందంటే గంటన్నర ఎండకు సమానం దొరకడమే గొప్ప. ఆ చిన్న బ్యాటరీలో వాడుకోదగింది 410 వాట్-గంటలు. సాయంత్రం నాలుగున్నరకు నిండుగా ఉన్నా పొద్దున ఏడున్నరకు 80 మిగులుతుంది. మబ్బు పగలు 161 వచ్చి 198 పోతుంది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వై-ఫై ఆగిపోతుంది. పరికరంలో లోపం ఏమీ లేదు. లెక్కే తప్పు.

అదే లోడుకు మేము చెప్పే కొలత: 335 వాట్ల ప్యానెల్ ఒకటి, 25.6 వోల్టుల 100 యాంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, 20 యాంపియర్ల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టే రకం) కంట్రోలరు. బ్యాటరీలో 80 శాతం వాడుకుంటే 2,048 వాట్-గంటలు. ఎండ అసలు లేకపోయినా 93 గంటలు, అంటే నాలుగు రోజులకు కాస్త తక్కువ. గంటన్నర ఎండ దొరికే ముసురులో రోజుకు 201 మాత్రమే లోటు పడుతుంది కాబట్టి పది రోజులు లాగుతుంది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. బ్యాటరీ మాత్రమే పెంచి ప్యానెల్ చిన్నది ఉంచితే, ఒకసారి ఖాళీ అయిన బ్యాటరీ వర్షాకాలం పోయేదాకా నిండదు. 335 వాట్లు ఉంటే మామూలు ఆగస్టు రోజున 871 వచ్చి 343 మిగులుతుంది, ఆరు రోజుల్లో బ్యాటరీ మళ్ళీ నిండుతుంది. ఒక అల్పపీడనం వెనుక మరొకటి వచ్చే మన కాలంలో ఈ ఆరు రోజుల లెక్క చాలా ముఖ్యం. రెండు వై-ఫై పరికరాలు పెట్టాలనుకుంటే లోడు 32 వాట్ల దాకా పోతుంది. అప్పుడు ప్యానెల్, బ్యాటరీ రెండూ ఒకటిన్నర రెట్లు పెంచాలి, ఒకటి పెంచి రెండోది వదిలేయకూడదు.

కరెంటు లైను పక్కనే ఉన్న సెంటర్లలో దాన్ని వద్దనకండి. ఒక చిన్న ఏసీ ఛార్జరును రెండో దారిగా కలిపి ఉంచితే ముసురులో బ్యాటరీ దిగకుండా ఉంటుంది, తుపాను వచ్చేనాటికి నిండుగా ఉంటుంది. పూర్తిగా సోలార్ అని బోర్డు మీద రాసుకోవాలనే పట్టుదల మంచిది కాదు.

పెట్టె లోపల ఏం జరుగుతుందో కూడా టెండరులో రాయాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు అక్కడే. మొదటిది ఇన్వర్టరు. బ్యాటరీ డీసీని 230 వోల్టుల ఏసీ చేసి, దానికి అడాప్టరు తగిలించి మళ్ళీ డీసీ చేసే పద్ధతి చాలా చోట్ల కనబడుతుంది. చిన్న ఇన్వర్టరు ఊరికే ఉండి కూడా పది వాట్ల దాకా తింటుంది. రోజుకు 240 వాట్-గంటలు, అంటే అసలు లోడులో దాదాపు సగం వృథా. 24 వోల్టుల నుంచి 48కి పెంచే డీసీ-డీసీ కన్వర్టరు పెట్టి, ఈథర్‌నెట్ తీగ ద్వారానే వై-ఫై పరికరానికి కరెంటు పంపండి. ఓఎన్‌టీకి 12 వోల్టుల కన్వర్టరు వేరే పెట్టండి.

రెండోది, కంట్రోలరు సెట్టింగులు. పాత లెడ్-యాసిడ్ సెట్టింగుతో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే ఈక్వలైజేషన్ (లెడ్-యాసిడ్ సెల్స్‌ను సమం చేయడానికి కావాలనే ఎక్కువ వోల్టేజి ఇవ్వడం) పేరుతో వోల్టేజి మితిమీరి, బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూటు కట్ చేసేస్తుంది. 25.6 వోల్టుల బ్యాటరీకి ఛార్జి హద్దు 28.4 దాటకూడదు, ఈక్వలైజేషన్ ఆపేయాలి. లోడు కట్ 24.0 దగ్గర, తిరిగి కలపడం 26.0 దగ్గర ఉంచాలి. ఈ దిగువ హద్దు ఎందుకంటే, బ్యాటరీ మరీ దిగి దాని లోపలి రక్షణ సర్క్యూటే తలుపు మూసేస్తే, కొన్ని కంట్రోలర్లు బ్యాటరీ వోల్టేజి కనబడక మర్నాడు ఎండ కాసినా నిద్ర లేవవు. మనిషి నిచ్చెన వేసుకుని వెళ్ళి బయటి నుంచి వోల్టేజి ఇచ్చి లేపాలి. తుపాను తర్వాత అలాంటి మనిషిని ఎక్కడ వెతుకుతారు?

మూడోది, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చిని) డీసీ వైపు పెట్టడం. డీసీలో నిప్పురవ్వ తనంతట తాను ఆరదు, స్విచ్చి కరిగిపోతుంది. డీసీకి తయారైన ఎంసీబీలే వాడాలి, బ్యాటరీ టెర్మినల్ పక్కనే 25 యాంపియర్ల డీసీ ఫ్యూజు ఉండాలి. ఈథర్‌నెట్ తీగ అసలు రాగిదై ఉండాలి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే చవక తీగలో వోల్టేజి పడిపోయి రాత్రిళ్ళు పరికరం రీస్టార్టు అవుతూ ఉంటుంది. కారణం తెలియక అందరూ ఇంటర్నెట్ కంపెనీని తిడతారు. తీగ పొడవు ఎలాగూ వంద మీటర్లు దాటకూడదు.

గాలి విషయానికి వస్తే, భవన నిర్మాణ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మన తీరానికి పట్టుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 0.6ను 50 వర్గంతో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. 335 వాట్ల ప్యానెల్ దాదాపు రెండు చదరపు మీటర్లు. ఆకార గుణకాలు కలపకముందే 300 కిలోల తోపు స్తంభం తలమీద పడుతుంది. వీధిదీపం కోసం పాతిన సన్నటి స్తంభానికి ఇది తగిలిస్తే ఏమవుతుందో మీ ఇంజనీర్లకు మేము చెప్పనక్కర్లేదు. పైగా మన నేల నల్ల రేగడి. వర్షాకాలంలో ఉబ్బుతుంది, కాలువలు కట్టేసిన వేసవిలో బీటలు వారి స్తంభం మొదలు చుట్టూ వదులవుతుంది. మూడు నాలుగు అడుగులకే నీళ్ళు పడే చోట్ల గొయ్యిలో నీళ్ళు తోడకుండానే కాంక్రీటు పోసేస్తే ఆ పునాది ఉన్నా లేనట్టే.

అందుకే మా గట్టి సలహా ఒకటి: ప్యానెల్‌ను స్తంభం మీద పెట్టకండి. సెంటరు పక్కనే మునిసిపల్ ఆఫీసో, శాఖా గ్రంథాలయమో, బస్టాండో, ప్రభుత్వ బడో ఉంటుంది. దాని డాబా మీద ప్యానెల్, లోపల నీడలో బ్యాటరీ, అక్కడి నుంచి వంద మీటర్ల లోపు తీగతో స్తంభం మీదకు వై-ఫై పరికరం ఒక్కటే. గాలి భారం పోతుంది, దొంగల భయం పోతుంది, బ్యాటరీ చల్లగా ఉంటుంది. ఎండలో మూసిన ఇనప పెట్టెలో మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం మామూలే. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీల పైన ఛార్జి చేయకూడదని చాలా తయారీదారులు రాస్తారు, కాబట్టి రక్షణ సర్క్యూటు ఎండ బాగా ఉన్న సమయంలోనే ఛార్జి ఆపేస్తుంది. స్తంభం మీద మెరిసే ప్యానెల్ ఫోటోకు బాగుంటుందని తెలుసు. కానీ డాబా మీది ప్యానెలే ఎక్కువ కాలం బతుకుతుంది. డాబా మీద కూడా రాళ్ళ బరువుతో సరిపెట్టకుండా కాంక్రీటు శ్లాబుకు కెమికల్ యాంకర్లతో బిగించి, ఆ రంధ్రాలకు వాటర్‌ప్రూఫింగు చేయాలి. వాలు 15 డిగ్రీలు, ముఖం దక్షిణానికి. స్తంభం మీదే పెట్టక తప్పకపోతే బ్యాటరీ పెట్టెను పాదం దగ్గర పెట్టకండి. గట్టి వానకు మన సెంటర్లలో మోకాలి లోతు నీళ్ళు నిలవడం మీకు తెలిసిందే. నాలుగు మీటర్ల ఎత్తున, నీడ రేకు కింద, గాలాడే ఖాళీతో పెట్టండి.

తీరానికి దగ్గరగా ఉన్న నరసాపురం, అమలాపురం, కాకినాడల్లో ఉప్పుగాలి తన పని తాను చేస్తుంది. ప్యానెళ్ళకు ఉప్పు పొగమంచు పరీక్ష ఐఈసీ 61701 పాసైన పత్రం అడగండి. ఫ్రేము అల్యూమినియం, బోల్టు మామూలు ఇనుము అయితే రెండేళ్ళలో ఆ జాయింటును తుప్పు తినేస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, వేడి గాల్వనైజింగు చేసిన స్టాండు రాయించండి. ఈథర్‌నెట్ ప్లగ్గులో పచ్చటి చిలుము పడితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ప్లగ్గుకు రక్షణ గ్రీజు, పెట్టెలోకి వెళ్ళే ముందు తీగను కిందికి వంచి నీటి చుక్క రాలిపోయే వంపు, తీగ దూరే రంధ్రాన్ని బిగించి మూసే గ్లాండు, ఇవన్నీ పైసల ఖర్చు, మర్చిపోతే మాత్రం వేల ఖర్చు. ఎర్తింగుకు మన తడి నేల మంచిదే, 5 ఓమ్‌ల లోపు సులువుగా వస్తుంది. కానీ ఆ ఉప్పు తేమే ఎర్తు కడ్డీని తినేస్తుంది. రాగి పూత కడ్డీ వేసి, ఏటా వేసవిలో నేల ఎండినప్పుడు కొలవాలి. వానల్లో కొలిచిన అంకె నమ్మదగింది కాదు. ప్యానెల్ వైపు, ఈథర్‌నెట్ వైపు, రెండు చోట్లా పిడుగు రక్షణ పరికరాలు ఉండాలి, అన్నీ ఒకే ఎర్తుకు కలవాలి.

తాడేపల్లిగూడెం, మండపేట, తణుకు వైపు రైసు మిల్లుల ఊక బూడిద ప్యానెల్ మీద పొరలా పేరుకుంటుంది. జనవరి నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి కడగాలి, అదీ తెల్లవారుజామున. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు కొట్టకూడదు. తీరం ఊళ్ళలో ఉప్పు బోరు నీటితో కడిగితే తెల్ల చారలు మిగులుతాయి, కుళాయి నీరే వాడాలి. కొబ్బరి మట్ట నీడ ప్యానెల్‌లో నాలుగైదు సెల్స్ మీద పడినా మూడో వంతు కరెంటు పోవచ్చు, ఎందుకంటే లోపల సెల్స్ గొలుసుల్లా కలిపి ఉంటాయి. ఇక ఫ్లెక్సీలు. పుట్టినరోజు, పండగ, విజయోత్సవం, ఏదైనా సరే, సెంటరులో ఖాళీ స్తంభం కనబడితే ఫ్లెక్సీ కట్టేస్తారు. ప్యానెల్‌కు అడ్డం వస్తే కరెంటు లేదు, తడిసిన ఫ్లెక్సీ యాంటెనాకు అడ్డం వస్తే సిగ్నలు లేదు. గాలి వీస్తే ఆ గుడ్డే తెరచాప అయ్యి స్తంభాన్ని లాగేస్తుంది. మా దృష్టిలో ఉప్పుగాలి కంటే ఫ్లెక్సీ పెద్ద శత్రువు. దీన్ని ఆపే అధికారం ఏ సాంకేతిక నిపుణుడికీ లేదు, మీకే ఉంది.

రేడియో సంగతి. ఎక్కువ పవరు, పెద్ద యాంటెనా, కిలోమీటరు దూరం అని ఆశపెట్టే అమ్మకందార్లు ఉంటారు. స్తంభం మీది పరికరం మైకులో అరిచినట్టు ఫోనుకు వినిపించవచ్చు, కానీ ఫోను జవాబు గుసగుసలాగే ఉంటుంది. తెరమీద గీతలు నిండుగా కనబడతాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. ఒక్కో పరికరానికి 50 నుంచి 80 మీటర్ల వ్యాసార్థం చాలు. ఎత్తు నాలుగైదు మీటర్లు. పన్నెండు మీటర్ల హైమాస్టు మీద పెడితే కింద నిలబడ్డవాడికి కాకుండా నాలుగు వీధుల అవతలివాడికి వినబడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్ళు తప్ప వేరేవి వాడకూడదు, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటకూడదు. సెంటరులో ప్రతి షాపుకూ ఒక రూటరు ఉంటుంది కాబట్టి అసలు భారం 5 గిగాహెర్ట్జ్ మీద వేయాలి. 2018లో కేంద్రం ఈ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా ఇచ్చింది. వై-ఫై తొలినాళ్ళ నెమ్మది పద్ధతి 802.11బి వేగాలు ఆపేయాలి, లేకపోతే దూరాన నిలబడ్డ ఒక్క ఫోను అందరి సమయమూ తినేస్తుంది. ఒక ఫోను నుంచి మరో ఫోను కనబడకుండా క్లయింట్ ఐసొలేషన్ పెట్టాలి. ఒక్క పరికరం మీద చురుగ్గా వాడేవాళ్ళు 40 మంది అనుకుని, 100 ఎంబీపీఎస్ లైనులో ఒక్కొక్కరికి 2 నుంచి 5 ఎంబీపీఎస్ హద్దు పెట్టండి.

స్థలం ఎంపికలో కూడా సెంటరు అనే మాటకు కట్టుబడకండి. నాలుగు రోడ్ల కూడలిలో ఎవరూ నిలబడరు, నిలబడితే లారీ కింద పడతారు. జనం కూర్చునేది బస్టాండులో, ప్రభుత్వాసుపత్రి వరండాలో, రైతుబజారు గేటు దగ్గర, గ్రంథాలయం మెట్ల మీద. తుపాను షెల్టర్లు ఉన్న చోట వాటికే మొదటి వరస ఇవ్వండి.

ఇంత చేసినా నెట్ తెచ్చే దారి తెగితే అంతా వృథా. రాష్ట్ర ఫైబర్‌నెట్ తీగ చాలా చోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళుతుంది. స్తంభం పడితే రెండూ పోతాయి. ఇంటింటి ఫైబర్ పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది: ఒక తీగను పలు ఇళ్ళకు చీల్చే మధ్యలోని స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు. రెండు చివర్ల కరెంటు ఉంటే చాలు. మన చివర సోలార్ ఉంది. అవతలి చివర, అంటే కంపెనీ ఎక్స్ఛేంజిలో, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది, జనరేటరుకు డీజిలు ఎన్ని రోజులది నిల్వ ఉంటుంది అని ఒప్పందంలో రాయించుకోండి. ఈ ప్రశ్న అడిగిన టెండరు మాకు ఇంతవరకూ కనబడలేదు.

రెండో దారిగా 5 గిగాహెర్ట్జ్ పాయింట్-టు-పాయింట్ లింకు, అంటే ఎదురెదురు యాంటెనాల మధ్య తీగ లేని లింకు పెట్టొచ్చు. దానికి అడ్డం కొబ్బరి చెట్లే. ఐదు కిలోమీటర్ల లింకు మధ్యలో మొదటి ఫ్రెనెల్ మండలం (లింకు గీత చుట్టూ తరంగం పరుచుకునే జాగా) వ్యాసార్థం 8 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే ఐదు మీటర్లు ఖాళీగా ఉండాలి. చెట్టు 20 మీటర్లుంటే లింకు గీత 25 మీటర్ల ఎత్తున పోవాలి. కోనసీమ లోపల అది ఖరీదైన పని. కాలువ గట్టు వెంట, గోదావరి పాయ మీదుగా అయితే దారి తెరిచి ఉంటుంది, కానీ నీటి మీద ప్రతిబింబించిన తరంగం అసలు తరంగంతో ఢీకొని సిగ్నలు ఊగుతుంది. భీమవరం చుట్టూ చెరువుల మీద కూడా ఇదే ఇబ్బంది. రెండు యాంటెనాల ఎత్తులు వేర్వేరుగా పెడితే కొంత సర్దుకుంటుంది. గాలివానకు యాంటెనా పక్కకు తిరిగితే లింకు బలహీనపడుతుంది కాబట్టి బిగించాక పైపు మీద రంగుతో గుర్తు గీయాలి. చూడగానే తెలుస్తుంది, సరిచేయడం పది నిమిషాల పని. కనీసం వేరే కంపెనీ 4జీ సిమ్ రూటరైనా బ్యాకప్‌గా ఉంచండి.

లాగిన్ గురించి చాలామంది ఆలోచించని చిక్కు ఒకటుంది. ప్రజా వై-ఫైలో ఫోను నంబరుకు ఓటీపీ వస్తేనే లోపలికి వెళ్ళనిస్తారు. తుపాను తర్వాత సెల్ టవరు పనిచేయకపోతే ఓటీపీ రాదు. వై-ఫై నిక్షేపంగా ఉంటుంది, ఎవరూ ఎక్కలేరు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి అనే ప్రజా వై-ఫై పద్ధతి దీనికి కొంత మందు. అందులో మనిషి యాప్‌లో ఒకసారి నమోదైతే తర్వాత ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. చిన్న దుకాణం కూడా లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా పీడీవోగా, అంటే జనానికి వై-ఫై పంచే కేంద్రంగా, వై-ఫై ఇవ్వొచ్చు. లాగిన్లు, రికార్డులు చూసుకునేది పైనున్న పీడీవోఏ, అంటే పలు పీడీవోలను కలిపి నడిపే సంస్థ. 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను పీడీవోలకు, ఇంటి ధరకు రెండింతలు మించకుండా ఇవ్వాలని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి ‘కమర్షియల్ లైను’ పేరుతో వచ్చే భారీ కొటేషన్లను ఒప్పుకోకండి. ఏటా సెప్టెంబరులో, తుపాను కాలం ముందు, సచివాలయ సిబ్బంది ద్వారా జనం ఫోన్లలో ఈ యాప్ నమోదు చేయించండి. ఆధార్ నంబరు మాత్రం ఎవరినీ అడగొద్దు. అవసరం లేదు, దాచిపెట్టే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

పుష్కరాల మాట. 2015లో పుష్కరాలు జులై 14 నుంచి 25 దాకా జరిగాయి. 2027లో వచ్చేవీ వానాకాలం మొదట్లోనే, ఎండ సన్నగిల్లే వేళ. ఘాట్‌లో వేలమంది ఒత్తుకుని నిలబడ్డ చోట మనుషుల ఒళ్ళే 2.4 గిగాహెర్ట్జ్‌ను పీల్చేస్తాయి, పదుల కొద్దీ పరికరాలు పెట్టినా అందరికీ నెట్ అందదు. ఆ పన్నెండు రోజుల కోసం ఘాట్లకు సోలార్ వై-ఫై వద్దు. జనరేటరు, తాత్కాలిక పరికరాలు అద్దెకు తీసుకుని సమాచార కేంద్రాలకూ పోలీసు, వైద్య శిబిరాలకూ ఇవ్వండి. శాశ్వత డబ్బును బస్టాండ్లకు, షెల్టర్లకు దాచండి.

డబ్బు చెల్లింపు మార్చితే సగం జబ్బులు కుదురుతాయి. బిగించగానే మొత్తం బిల్లు ఇవ్వొద్దు. బిగింపుకు 60 శాతం, మొదటి వర్షాకాలం దాటాక అక్టోబరులో 20, రెండో అక్టోబరులో మిగిలిన 20. కొలత కోసం ప్రతి పెట్టెలో బ్యాటరీ వోల్టేజి, ప్యానెల్ కరెంటు, లైను ఉందా లేదా అన్నది పావుగంటకోసారి నమోదు చేసే లాగరు ఉండాలి, ఆ రికార్డు మునిసిపాలిటీ చేతిలో ఉండాలి. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 95 శాతం గంటలు నడవకపోతే రెండో కిస్తీలో కోత. వేసవి సగటుతో కలిపి చూపిస్తే ఒప్పుకోకండి.

నిర్వహణకు పెట్టుబడిలో ఏటా పదో వంతు విడిగా పెట్టండి. ప్రతి పది చోట్లకు ఒక బ్యాటరీ, ఒక కంట్రోలరు, రెండు డీసీ-డీసీ కన్వర్టర్లు, రెండు వై-ఫై పరికరాలు, ఒక ప్యానెల్, 305 మీటర్ల తీగ డబ్బా ఒకటి పట్టణంలోనే నిల్వ ఉండాలి. విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో వస్తాయంటే, తుపాను తర్వాత రోడ్లు తెగినప్పుడు రావు. నిల్వ బ్యాటరీని సగం ఛార్జిలో చల్లటి గదిలో ఉంచి మూడు నెలలకోసారి చూసుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున చేయాల్సినవి: బ్యాటరీ నిండిందా చూడడం, ఫ్లెక్సీలు, వేలాడే కొబ్బరి మట్టలు తీయించడం, బోల్టులు బిగించడం, గాలి మొదలయ్యే ముందు ఏసీ ఛార్జరును తీసేయడం. తుపాను వెళ్ళాక ముందు పక్కన తెగిపడిన కరెంటు తీగ లేదని విద్యుత్ సిబ్బంది చెప్పాలి, ఆ తర్వాతే మన పెట్టె తెరవాలి. ఈ పని తెలిసిన ఇద్దరు మునిసిపల్ ఎలక్ట్రీషియన్లు ప్రతి పట్టణంలోనూ ఉండాలి. రెండు రోజుల శిక్షణ చాలు, మేము ఉచితంగా ఇస్తాం.

మొదటి ఏడాది పట్టణానికి మూడు చోట్లే పెట్టండి: బస్టాండు, ఆసుపత్రి, ఒక షెల్టరు. సెప్టెంబరు చివర లాగరు రికార్డును మునిసిపల్ నోటీసు బోర్డులో అంటించండి. నాలుగో స్తంభం టెండరు ఆ కాగితం చూశాక పిలవండి. ఇప్పుడు మీ దగ్గర తయారవుతున్న టెండరు ముసాయిదాలను బిడ్లు పిలిచే ముందు మాకు పదిహేను రోజులు చూపిస్తే, లోడు లెక్క, ప్యానెల్, బ్యాటరీ కొలతలు, గాలి భారం, తీగల పట్టిక సరిచూసి రాతపూర్వకంగా ఇస్తాం.

ఇట్లు,
గోదావరి జిల్లాల్లో సోలార్, నెట్‌వర్కు పనులు చేసే టెక్నీషియన్లు కొందరు